ఎండలో కొలిచిన టోపీ

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. ఆ సామెత కట్టిన మహానుభావులెవరో గానీ, చిట్టి చదివిన బళ్ళో మాత్రం చదివి ఉండరు. చదివి ఉంటే చివర ఇంకో ముక్క తగిలించేవారు: పెద్ద మేడమ్ ఒప్పుకుంటేనే అని.

చిట్టి దర్జీగారి ఒక్కగానొక్క కూతురు. నర్సమ్మ తువ్వాలులో చుట్టి తెచ్చి చేతుల్లో పెట్టినప్పుడు ఆయనకి ముందు కనబడింది పిల్ల కాదు, జుట్టు. నల్లటి చుట్టలు, ఏ వెంట్రుకకి ఆ వెంట్రుకే తనకి తోచిన దిక్కుకి తిరిగి ఉంది. "అంతా బాగానే ఉందమ్మా, మొహం ఎక్కడుందో కాస్త చూపించు" అన్నాడట ఆయన. అనలేదని ఆయనా, అన్నాడని ఆయన భార్యా ఇప్పటికీ పోట్లాడుకుంటారు. జుట్టు మాత్రం తల్లి పోలికే, అందులో పోట్లాట లేదు. అయితే ఆవిడ తన జుట్టుని గట్టిగా ముడేసి పైన గుడ్డ కట్టుకునేది. ఆవిడది ఇస్త్రీ పని. వేడి పెట్టె దగ్గర జుట్టు విరబోసుకుని ఎవరు నిలబడతారు అని చూసినవాళ్ళంతా అనుకునేవారు.

ఇల్లూ కొట్టూ ఒకటే. వీధి వైపు గదిలో కిటికీ పక్కన కుట్టు మిషను, మధ్యలో బట్ట కత్తిరించే పెద్ద బల్ల, గోడవారగా ఇస్త్రీ బల్ల. తెర తొలగిస్తే వంటగది, దాని వెనక పడకగది. చిట్టి పెరిగింది కత్తిరించే బల్ల కింద. పైనుంచి రాలిన ముక్కలు, చిక్కుపడ్డ దారాలు, విరిగిన సుద్దలు, ఊడిన గుండీలు అన్నీ చిట్టిగారి ఆస్తి. అంకెలు నేర్చుకుంది కొలత టేపు మీద. అందుకని అరవై తర్వాత లోకంలో అంకెలే లేవని బళ్ళో చేరేదాకా గట్టిగా నమ్మింది. టీచరు అరవై ఒకటి అంటే "అక్కడికి టేపు అయిపోయింది కదండీ" అని లేచి చెప్పింది కూడా. అడగాల్సింది అడక్కుండా కూర్చునే అలవాటు ఆ పిల్లకి మొదట్నుంచీ లేదు.

బళ్ళో చేరిన కొత్తలోనే ఆ జుట్టు చూసి పిల్లలు 'తేనెపట్టు' అని పేరు పెట్టేశారు. పిల్లలకి ఇలాంటి తెలివి ఎక్కణ్ణుంచి వస్తుందో! చిట్టి ఏడుస్తూ ఇంటికొస్తే తండ్రి మిషను ఆపి, "తేనెపట్టంటే తక్కువా? లోపలంతా తేనె. జోలికొచ్చినవాణ్ణి మాత్రం కుట్టకుండా వదలదు. కుట్టడం మనింట్లో ఉన్న విద్యే కదే" అన్నాడు. తన మాటకి తనే నవ్వుకున్నాడు. చిట్టికి నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం తల్లి చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే, స్టూలు లాక్కొచ్చుకుని ఎక్కింది. తల పక్కకి వాల్చి చెంప బల్లకి ఆనించి, జుట్టంతా దుప్పటి మీద పరిచింది.

"అమ్మా, దీన్ని కూడా చేసెయ్యి."

"దేన్నే?"

"జుట్టుని. సాఫీగా అణిగిపోవాలి. చొక్కా కాలరులాగ."

తల్లి ముందు నవ్వింది. నవ్వుతూనే ఇస్త్రీపెట్టెని దూరంగా జరిపింది. తర్వాత కూతుర్ని లేపి, ఆ చుట్టల్లోకి వేళ్ళు పోనిచ్చి, "నలిగిన బట్టకి ఇస్త్రీ చేస్తాం. నీ జుట్టు నలగలేదే తల్లీ, దాని నేతే అంత" అంది. చిట్టికి ఆ మాట సగమే అర్థమైంది. కానీ దాచుకుంది. బల్ల కింద గుండీలు దాచుకున్నట్టే మాటలు దాచుకోవడం కూడా ఆ పిల్లకి అలవాటు.

ఆ కొట్టులో నేర్చుకున్న పాఠం ఇంకొకటి ఉంది. కొలత అంటే మనిషి గుట్టు. తండ్రి టేపు చుట్టి అంకెని గొంతు తగ్గించి చెప్పేవాడు. చిట్టి దాన్ని సుద్దతో బట్ట మీదే రాసేది. కుట్టు పూర్తయ్యాక సుద్ద దులిపేసేవారు, అంతటితో సరి. ఎవరి భుజం ఒకవైపు వాలి ఉందో, ఎవరి నడుము కిందటేడు నుంచి ఎంత ముందుకొచ్చిందో, ఎవరు కోటు భుజాల్లో దూది పెట్టించుకున్నారో, ఏదీ ఆ గడప దాటకూడదు. "దర్జీ నోరు జారాడంటే ఊళ్ళో సగం మంది ఒంటి మీద బట్టల్లేనట్టే" అనేవాడు ఆయన. తల్లి మామూలుగా నోట్లో నువ్వుగింజ నానని మనిషి. పక్కింటి కబురు ఎదురింటికి చేరాలంటే ఆవిడే దారి. కానీ కొలతల దగ్గరికొచ్చేసరికి ఆ నోటికి కూడా కుట్టు పడేది.

బడి బ్యాండుకి కోట్లూ టోపీలూ కుట్టేది ఆ కొట్టులోనే. ముదురు నీలం టోపీ, చుట్టూ ఎర్ర అంచు, ముందు ఇత్తడి బిళ్ళ. వరసలో నిలబడితే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. లోపల మాత్రం ఏ రెండూ ఒకటి కావు. బూర ఊదే కుర్రాడికి చెవులు చేటలంత కనక అక్కడ అంచు లోపలికి మడిచి కుట్టేవారు. వేణువు వాయించే అమ్మాయికి మాడు మీద పాత కాలిన మచ్చ ఉంది కనక మెత్తటి గుడ్డ వేసేవారు. చిట్టి చేతికి సూది పట్టడం వచ్చినప్పటినుంచీ ఈ లోపలి పని అంతా ఆ పిల్లదే.

ఇక బ్యాండు మాస్టారి టోపీ. మాస్టారు మంచి పొడగరి, ఛాతీ వెడల్పు, మీసం ఇటు చెవి నుంచి అటు చెవికి. తల మాత్రం దేవుడు చివర్లో బట్ట చాలక కుదించి కుట్టినట్టు చిన్నది. అంత మనిషికి అంత టోపీ పెడితే అది ముక్కు మీద కూర్చునేది. అలాగని తలకి తగ్గట్టు చిన్నది కుడితే, గుమ్మడికాయ మీద గిన్నె బోర్లించినట్టుండేది. అందుకని బయటి కొలత ఒంటికి తగ్గట్టు ఉంచి, లోపల చుట్టూ మందపాటి ఉన్నిగుడ్డ మడతలు మడతలుగా పెట్టి కుట్టేవారు. మాస్టారు కొట్టు కట్టేసే వేళకి టోపీని కాగితంలో చుట్టుకుని వచ్చి, "కాస్త సర్దండి దర్జీగారూ" అనేవారు. అంతకుమించి ఒక్క మాట ఉండేది కాదు. చిట్టి ఆయన ఎదురుగానే సూదిలోకి దారం ఎక్కించుకుని ఆ మడతలు కుట్టేది. మర్నాడు బళ్ళో ఎదురుపడితే ఇద్దరూ ఏమీ ఎరగనట్టే ఉండేవారు.

పెద్ద మేడమ్ చెడ్డమనిషి అనుకునేరు, కాదు. ఒంట్లో బాగోలేని పిల్లల్ని తన బండి మీద ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపి వచ్చేది. కానీ వంకర అంటే ఆవిడకి ఒళ్ళు మంట. బెంచీ వంకరగా ఉండకూడదు, గీత వంకరగా ఉండకూడదు, వెంట్రుక అసలే వంకరగా ఉండకూడదు. రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడి తలలు చూసేది. నూనె ఓడుతున్నా, లోపల చిక్కులు పేరుకున్నా, పైకి సాఫీగా పడుకున్న జుట్టుకి అడ్డు లేదు. చిట్టి జుట్టు ఎంత శుభ్రంగా ఉతికి ఆరబెట్టినా అది 'అడవి'. ఇదెక్కడి న్యాయమో అడిగినవాళ్ళు లేరు.

"పో, తడుపుకుని రా" అనేది మేడమ్, వేలు ఆటస్థలం మూల ఉన్న కుళాయి వైపు చూపించి.

చిట్టి వెళ్ళి కుళాయి కింద తల పెట్టేది. తడిస్తే జుట్టు బుద్ధిగా అణిగేది. మెడ మీంచి నీళ్ళు కారుతూ, కాలరు తడిసి, క్లాసులో కూర్చునేది. మధ్యాహ్నానికి ఆరి మళ్ళీ లేచేది, మర్నాడు మళ్ళీ కుళాయి. చలికాలమంతా దగ్గు. తల్లి కషాయాలు కాచి పోసేదే గానీ, దగ్గు ఎందుకో చిట్టి చెప్పలేదు. కుళాయి సంగతి తెలిస్తే అమ్మ మనసు కష్టపడుతుందని ఆ పిల్ల భయం. అంత చిన్న వయసులో ఇంత పెద్ద ఆలోచన, తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

వీటన్నిటికీ విరుగుడు ఒకటుండేది: బ్యాండులో పెద్ద డ్రమ్ము. దాన్ని మోసేవాళ్ళు లేక అటక మీద పడుంటే, పదో తరగతికొచ్చిన చిట్టి వెళ్ళి తగిలించుకుని నిలబడింది. మిషను తొక్కుడు వింటూ పెరిగిన పిల్ల, తాళం కాళ్ళలోనే ఉంది. డ్రమ్ము తప్పితే అందరి అడుగూ తప్పుతుంది, డ్రమ్ము నిలిస్తే కుంటివాడి అడుగు కూడా నిలుస్తుంది. "ఈ పిల్ల వాయిస్తుంటే నాకు కర్ర ఊపే పని తప్పింది" అనేవారు మాస్టారు. ఆ ఒక్క మాట కోసం చిట్టి ఎన్ని కుళాయిలైనా భరించేది.

ఆ ఏడు ఊళ్ళో బళ్ళన్నిటికీ కలిపి పెద్ద మైదానంలో కవాతు పెట్టారు. వీళ్ళ బ్యాండుకి అన్నిటికంటే ముందు నడిచే చోటు వచ్చింది. ముందు వరసలో మధ్యన పెద్ద డ్రమ్ము. చిట్టికి ఆ వారం రోజులూ కాళ్ళు నేల మీద లేవు.

దర్జీ కొట్టులో అందరి టోపీలూ కుట్టడం అయింది, ఇంటి పిల్లది మిగిలింది. దర్జీ చొక్కాకే గుండీ ఉండదన్నట్టు, సొంతపని ఎప్పుడూ ఆఖరుకే కదా! చిట్టి అప్పుడే తలస్నానం చేసి వస్తే, "ఇలా రావే, ఒక్క నిమిషం" అని తండ్రి టేపు చుట్టేశాడు. ఊళ్ళో తలలన్నీ కొలిచిన మనిషికి, ఇంట్లో ఉన్న తల తడిగా ఉంటే ఒకలాగా, ఆరితే ఇంకోలాగా ఉంటుందని ఆ క్షణాన తోచలేదు. చిట్టికీ తోచలేదు. సుద్దతో తనే రాసింది, తనే కుట్టింది, తనే దులిపింది.

టోపీలు పెట్టుకుని మొదటిసారి నడిచిన రోజు, పొద్దున్నే కుళాయి కింద తడిపిన జుట్టు మీద టోపీ చక్కగా కూర్చుంది. మేడమ్ ఆటస్థలం చివర కుర్చీ వేయించుకుని చూస్తోంది. ఎండ ఎక్కింది. ఒక చుట్టు తిరిగేసరికి జుట్టు ఆరడం మొదలెట్టింది, టోపీ కొంచెం పైకి లేచింది. ఇంకో చుట్టుకి ఇంకాస్త. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని తెలిసి, చేతులు ఖాళీ లేక చూస్తూ నిలబడినట్టుంది చిట్టికి. రెండు చేతుల్లోనూ డ్రమ్ము కర్రలున్నాయి, తాళం వదలకూడదు. వదల్లేదు. మేడమ్ కుర్చీకి ఎదురుగా వచ్చేసరికి టోపీ ఎగిరి, దొర్లి, సరిగ్గా ఆవిడ కాళ్ళ దగ్గర ఆగింది.

బ్యాండు బ్యాండంతా పడీ పడీ నవ్వింది. బూర ఊదే కుర్రాడికి ఊపిరి అడ్డం తిరిగి బూరలోంచి గాడిద ఓండ్రలాంటి చప్పుడొచ్చింది. మేడమ్ మాత్రం నవ్వలేదు. టోపీ తీసి దుమ్ము దులిపి, "ఇంతమందిలో నీ ఒక్కదానికే వచ్చిందా ఇది? కవాతులోపు ఆ జుట్టు సాఫీ చేయించుకునైనా రా, కత్తిరించుకునైనా రా. లేకపోతే డ్రమ్ము ఇంకొకరికి ఇచ్చేద్దాం. ఎల్లుండి నేనే వచ్చి చూస్తాను" అంది.

ఇంటికొచ్చి చిట్టి చెప్పిందంతా విని తండ్రి తలపట్టుకున్నాడు. "తప్పు నాదే. తడి తల కొలిచాను. ఇన్నేళ్ళ చెయ్యి ఇది, ఉండి ఏం లాభం! ఇంకాస్త పెద్దది కుట్టేస్తానే."

"టోపీ సంగతి కాదు నాన్నా. జుట్టు ఇలా ఉండకూడదంటున్నారు." కుళాయి సంగతీ అప్పుడే బయటపడింది.

తల్లి ఇస్త్రీ బల్ల వైపు తిరిగింది. చొక్కా ఒకటి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "పోనీ ఈ ఒక్కసారికి పార్లరులో సాఫీ చేయించేద్దామా? నీకు డ్రమ్మంటే ప్రాణం కదే. వాళ్ళ నోరు మూయించి నీ పని నువ్వు చేసుకో. నాలుగు నెలల్లో మళ్ళీ నీ జుట్టు నీకొస్తుంది."

చిట్టి తల్లి వైపు చూసింది. కోపంతో కాదు. వెళ్ళి ఇస్త్రీ బల్ల ముందు వంగి, ఇప్పుడు స్టూలు అక్కర్లేదు, చెంప బల్లకి ఆనించి జుట్టంతా దుప్పటి మీద పరిచింది.

"పార్లరుకెందుకమ్మా. పెట్టె వేడిగానే ఉందిగా. నువ్వే చేసెయ్యి."

తల్లి చేతిలో చొక్కా జారిపోయింది. గబగబా వచ్చి కూతురి తల రెండు చేతులా పట్టుకుని పైకెత్తింది. "లే. లే తల్లీ. నా నోట ఆ మాట ఎలా వచ్చిందో." ఇద్దరూ ఏడ్చారు. దర్జీ కూడా ఏడ్చాడు గానీ, మిషను వైపు తిరిగి కూర్చుని దారం తెగిందన్నాడు. కాసేపయ్యాక తల్లి కళ్ళు తుడుచుకుంటూ, "ఇస్త్రీ పని లేని రోజు కూడా ఈ గుడ్డ ఎందుకు కట్టుకుంటానో ఎప్పుడైనా అడిగావా?" అంది. చిట్టి అడగలేదు. అడక్కుండా ఉండిపోయింది అదొక్కటేనేమో.

మర్నాడు చిట్టి ఆరిన జుట్టుతో బడికి వెళ్ళింది. మేడమ్ కుళాయి వైపు వేలు చూపించింది. "దాహం లేదు మేడమ్" అని చిట్టి మర్యాదగానే చెప్పి లోపలికి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు, చూసే ధైర్యం లేక. ఆ రోజంతా మేడమ్ తరగతి గది బయట నిలబెడితే, నిలబడింది. కాలరు పొడిగా ఉంది, అది చాలనుకుంది.

ఆ తర్వాతి రోజు బ్యాండు గదికి మేడమ్ చెప్పినట్టే వచ్చింది. పిల్లలంతా టోపీలు పెట్టుకుని వరసలో ఉన్నారు. చిట్టి డ్రమ్ము తగిలించుకుని ఉంది, టోపీ చంకలో ఉంది, జుట్టు జుట్టులాగే ఉంది.

"చేయించుకోలేదన్నమాట" అంది మేడమ్.

"లేదు మేడమ్."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని. ఇంతమంది తలలకి పట్టిన టోపీ నీ తలకే ఎందుకు పట్టదు? వాళ్ళంతా మనుషులు కారా? అదిగో, మాస్టారిని చూడు. ఆ టోపీ ఎంత చక్కగా కూర్చుందో. టోపీ అంటే అలా ఉండాలి. చూసి నేర్చుకో."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మాస్టారి చెయ్యి దానంతటదే టోపీ మీదకి వెళ్ళింది. ఆయన చిట్టి వైపు చూశారు. చిట్టి ఆయన వైపు చూసింది. ఆ టోపీలో ఎన్ని మడతలున్నాయో, ఏ రంగు దారంతో కుట్టి ఉన్నాయో ఆ గదిలో తెలిసింది ఇద్దరికే. ఒక్క మాట అంటే చాలు. మేడమ్ నోరు మూతపడేది, గది గదంతా నవ్వేది, డ్రమ్ము దక్కేది. ఆ మాట చిట్టి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మనుషులం కదా, రాకుండా ఎలా ఉంటుంది!

చిట్టి దాన్ని మింగేసింది.

"ఏ టోపీ అయినా తలకి పట్టేలా కుడితేనే పడుతుంది మేడమ్. నాది మా నాన్న తడి తల మీద కొలిచాడు, అందుకని పట్టలేదు. మళ్ళీ కొలిచి కుడతాడు. జుట్టు మాత్రం సాఫీ చేయించుకోను." అక్కడితో ఆగలేదు. "మా అమ్మది ఇస్త్రీ పని. నలిగినవాటికే ఇస్త్రీ చేస్తుంది. నా జుట్టు నలగలేదు మేడమ్, దాని నేతే అంత."

"అయితే డ్రమ్ము దించు."

చిట్టి డ్రమ్ము దించింది. కర్రలు రెండూ దాని మీద పక్కపక్కన పెట్టింది. తలుపు దాటేదాకా ఏడుపు ఆపుకోవాలని పళ్ళు బిగబట్టి నడిచింది. డ్రమ్ము లేకుండా నడుస్తుంటే ఒళ్ళు మరీ తేలిగ్గా, ఎవరిదో ఒళ్ళులాగా ఉంది.

"ఆగమ్మా" అన్నారు మాస్టారు.

ఆయన టోపీ తీశారు. చిట్టి తప్ప పిల్లలెవరూ ఆయన్ని అంతదాకా టోపీ లేకుండా చూసి ఉండరు. బల్ల మీద కత్తెర తీసుకుని, లోపలి కుట్లు పుటపుటా తెంపి, ఉన్నిగుడ్డ మడతల్ని బయటికి లాగారు. లాగుతుంటే అది వస్తూనే ఉంది, పొట్లకాయంత పొడుగు. బల్ల మీద పడేసి, ఖాళీ టోపీ మళ్ళీ తల మీద పెట్టుకున్నారు. అది కనుబొమ్మలు దాటి, కళ్ళు దాటి, ముక్కు మీద ఆగింది. కింద మీసం మాత్రం మిగిలింది.

టోపీ లోపలినుంచి మాస్టారి గొంతు వచ్చింది.

"నా తలకి ఇది పట్టదు మేడమ్. పట్టేలా వీళ్ళే కుట్టారు. కుట్టింది ఈ పిల్లే. ఇందాక మీరు నన్ను చూపించినప్పుడు చెప్పొచ్చు, చెప్పలేదు. నన్నెవరూ, తల పెంచుకునైనా రా లేకపోతే బ్యాండు వదిలి పో అనలేదు మేడమ్."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. కానీ అది టోపీ ఎగిరిన నాటి నవ్వు కాదు. బూర ఊదే కుర్రాడు తన టోపీ తీసి లోపలి మడత తనే చూపించాడు. వేణువు అమ్మాయి కాసేపు ఊగిసలాడి, తనూ తీసి మెత్తటి గుడ్డ చూపించింది. మేడమ్ ఒక్కో టోపీలోకీ తొంగి చూసింది. ఏ రెండూ ఒకటి కాకపోవడం ఆవిడకి కొత్త. మొహం గంటు పెట్టుకోవాలని చాలా ప్రయత్నించింది గానీ, మాస్టారి మీసం అడ్డమొచ్చింది.

"ముందు ఆ టోపీ తియ్యండి మాస్టారూ, నాకు నవ్వాగడం లేదు" అంది. చిట్టి వైపు తిరిగి, "మళ్ళీ ఊడిపడిందంటే మాత్రం ఊరుకోను" అంది. అంతే. తప్పయిందనలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. కొందరికి ఆ మాట గొంతు దాటి రాదు, దానికి మందు లేదు.

ఆ మధ్యాహ్నం దర్జీ కూతుర్ని వీధిలో ఎర్రటి ఎండలో నిలబెట్టాడు. జుట్టు పూర్తిగా ఆరి, విచ్చుకుని, ఇక ఇంతకంటే పెరగలేనన్నదాకా ఆగి, అప్పుడు టేపు చుట్టాడు. దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. అంకె మాత్రం గొంతు తగ్గించే చెప్పాడు. కొత్త టోపీకి వెనకవైపు చీల్చి, నాడాలు పెట్టి, జుట్టు ధారాళంగా బయటికి వచ్చే దారి ఇచ్చాడు. ముందు నుంచి చూస్తే అందరి టోపీ లాంటిదే. ఆ సాయంత్రం కొట్టు కట్టేసే వేళకి మాస్టారు వచ్చారు. ఈసారి టోపీకి కాగితం చుట్టలేదు.

"కాస్త సర్దమ్మా. ధైర్యం ధైర్యమే గానీ, దారి కనబడాలి కదా" అన్నారు. చిట్టి పాత మడతలే తీసుకుని కొత్త దారంతో కుట్టింది.

కవాతు రోజున డ్రమ్ము ఒక్క దెబ్బ తప్పలేదు. టోపీ వెనక జుట్టు ప్రతి దెబ్బకీ ఎగిరి పడుతుంటే, మైదానం చుట్టూ జనం అది కూడా బ్యాండులో భాగమే అనుకున్నారు. దర్జీ, భార్యా జనానికి అడ్డంగా కట్టిన తాడు పక్కన నిలబడి చూశారు. ఆవిడ ఆ రోజు తలకి గుడ్డ కట్టుకోలేదు. తొందరలో మర్చిపోయానని అందరితోనూ తనే చెప్పింది. నమ్మినవాళ్ళు నమ్మారు.

కవాతు మర్నాడు ఇచ్చిన సెలవు తర్వాత బడి తెరిచిన పొద్దున, చిట్టి గేటు దాటి లోపలికొస్తుంటే, ఆటస్థలం మూల చప్పుడైంది. చిన్న తరగతి పిల్ల ఒకత్తి, జుట్టు తనలాంటిదే, కుళాయి కింద తల పెట్టి ఉంది. సగం తడిసింది, సగం ఇంకా లేచే ఉంది. గేటు దగ్గర మేడమ్ లేదు. ఆ పిల్లని ఎవరూ పంపలేదు, అడిగితే అలవాటంది.

చిట్టి కుళాయి కట్టేసి, జేబురుమాలు తీసి ఆ పిల్ల మెడ తుడిచింది.

"ఇది తాగే నీళ్ళమ్మా. ఇకనుంచి దాహమైతేనే రా."

"మేడమ్ అడిగితే?"

"అక్క వద్దందని చెప్పు."

"ఏ అక్క అంటే?"

చిట్టి తన జుట్టుని ఒకసారి తడుముకుంది. ఆ పేరు ఇన్నేళ్ళలో తన నోటితో తను ఎప్పుడూ పలకలేదు.

"తేనెపట్టు అని చెప్పు. బళ్ళో అందరికీ తెలుసు."